బెల్లం పడవ

నలభై ఏళ్ళకు పైగా ఒక సంగతి మోస్తున్నాను. చెబితే ఏమైపోతుందోనన్న భయంతో ఇన్నాళ్ళూ దాచాను. చెప్పకుండానే పోతానేమోనన్న భయం ఈ మధ్య పట్టుకుంది. ఈ రెండో భయం మొదటిదాన్ని మించిపోయింది కాబట్టి రాస్తున్నాను. అంతేగాని నాకేదో ధైర్యం వచ్చిందనుకోకండి.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పబోయి రెండు మూడు సార్లు సగంలో మాట మార్చి కాఫీ అడిగాను. మిమ్మల్ని కాఫీ అడగడానికి లేదు. కూర్చుని రాయాల్సిందే.

నేను సోషల్ మాస్టారిని. విజయవాడలో ఒక హైస్కూల్లో చెప్పేవాణ్ణి, కాపురం పటమటలో. పిల్లలు నా వెనకాల ఓడల మాస్టారు అనేవాళ్ళు. కోప్పడినట్టు నటించేవాణ్ణి గానీ ఆ పేరంటే నాకు లోపల మహా గర్వం. అశోకుడి పాఠం మొదలుపెట్టినా, కాకతీయుల పాఠం మొదలుపెట్టినా, గంట కొట్టే వేళకి ఏదో ఒక మునిగిపోయిన ఓడ దగ్గరే తేలేవాణ్ణి. ఎందుకంత పిచ్చి? ఇప్పుడు ఆలోచిస్తే కొంచెం అర్థమవుతోంది. ఇల్లు కూలితే మళ్ళీ కడతారు. గోడ మీద గోడ లేస్తుంది. మొదట అందులో ఎవరున్నారో చివరికి ఎవరికీ గుర్తుండదు. ఓడ అలా కాదు. మునిగిన రోజున ఏది ఎక్కడ ఉందో అక్కడే ఉండిపోతుంది. సగం తాగిన నీళ్ళు, విడిచిన చెప్పులు, పొయ్యి మీద కూర. ఆ రోజును ఎవడూ దిద్దలేడు అనుకునేవాణ్ణి. దిద్దవచ్చు. నేను దిద్దాను. అదే చెప్పబోతున్నాను.

ఆదివారాలు గవర్నర్‌పేటలో పాత పుస్తకాల కొట్లు, సెలవులొస్తే బందరు. ఇదీ నా తీర్థయాత్ర. బందరులో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. వలందులు అనేవాళ్ళు వాళ్ళని మన పెద్దలు. వాళ్ళ ఓడలు రేవు ముందున్న ఇసుక మేటల మీదికెక్కి విరిగిపోయేవని ఎక్కడో చదివాను. అంత ఇసుకలో ఒక్కటైనా దొరక్కపోతుందా అని ఏళ్ళ తరబడి ఆ ఒడ్డున తిరిగాను. కొయ్యముక్క దొరికితే సంచిలో, తుప్పు మేకు దొరికితే రుమాల్లో. ఆ చెత్తకంతా మా ఆవిడ అటక మీద విడిగా చోటిచ్చింది, పాపం.

జై ఆంధ్ర ఉద్యమంలో బళ్ళు నెలల తరబడి మూతపడ్డాయి. బస్సు నడిచిన ప్రతి రోజూ నేను బందరులో ఉండేవాణ్ణి. అప్పుడే తెలిసింది, తుఫానుకు సముద్రంలో ఇసుక కదిలి ఒకచోట పెద్ద పెద్ద దూలాలు పైకి తేలాయని. ఆ చోటుకు ఎదురుగా ఒడ్డున ఒక పాలెం ఉంది. పేరు రాయను. చేపల మీద బతికే చిన్న ఊరు. ఏడుకొండలు అని ముప్పై ఏళ్ళ మనిషి నన్ను తన నావలో తీసుకెళ్ళాడు. ఆటుకి నీరు బాగా వెనక్కి తీసిన రోజు అది. నీళ్ళలోంచి వంపు తిరిగిన దూలాలు రెండు వరసలుగా పైకి లేచి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను. ఏడుకొండలు కంగారుపడి, కడుపులో తిప్పుతోందా మాస్టారూ అని అడిగాడు.

ఆ తర్వాత నీరు అలా తీసే అమావాస్యలూ పౌర్ణములూ లెక్కపెట్టుకుంటూ ఆ పాలెం చుట్టూ తిరిగాను. ముళ్ళు వేసిన తాడు ఇస్తే ఏడుకొండలు ఊపిరి బిగబట్టి మునిగి కొలిచేవాడు. పైకొచ్చి ఎన్ని ముళ్ళో చెప్పేవాడు, నేను పుస్తకంలో గీసుకునేవాణ్ణి. చెక్క మరీ అంత పాతగా లేదు. మేకులు మన కమ్మరి చేసినట్టే ఉన్నాయి. ఈ రెండూ నా కంటపడ్డాయి. ఉప్పునీటిలో ఇసుక కింద ఉంటే చెక్క చెడదని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. సరుకు ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఒక్క గింజ కూడా. మునగబోయే ముందు డచ్చివాళ్ళు సరుకంతా దింపేసుకున్నారని రాశాను. మునిగే ఓడలోంచి సరుకెలా దింపుతారు? అడిగినవాడు లేడు. నన్ను నేనూ అడగలేదు.

నా వ్యాసం ఒక వారపత్రికలో బొమ్మలతో సహా వచ్చింది. గవర్నర్‌పేటలో ఒక హాల్లో శాలువా కప్పారు. మా హెడ్మాస్టరు గారు నన్ను పరిశోధకుడన్నారు. పన్నెండేళ్ళలో నన్ను ఆయన ఒక్క మంచి మాట అనడం అదే మొదలు. ఒక యూనివర్సిటీ ప్రొఫెసరు, పెద్ద పేరున్నాయన, స్వయంగా వచ్చి ఓడను చూస్తానని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించాను.

ఇప్పుడు నాంచారమ్మ గురించి చెప్పాలి.

నాంచారమ్మ ఏడుకొండలుకు మేనత్త. అప్పటికి నలభై ఉంటాయేమో. ఊరి చివర ఆమె పాక. మధ్యాహ్నం వేళ ఆమె పందిరి కిందే మేము అన్నం తినేవాళ్ళం. ఆమె భర్త వీరాస్వామి సరుకు పడవ మీద సరంగు, అంటే పడవకు పెద్ద. నేను ఆ ఊరు వెళ్ళేటప్పటికి పద్నాలుగేళ్ళ కిందట, కాకినాడ నుంచి బందరుకు బెల్లం వేసుకుని బయల్దేరాడు. పడవ చేరలేదు. తోడు వెళ్ళిన కళాసీలిద్దరూ ఎక్కడివాళ్ళో ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళకి ఎవడో వచ్చి, వీరాస్వామిని మద్రాసు రేవులో ఇంకో ఆడమనిషితో చూశానన్నాడు. ఆ మాట అంటుకుంది. పడవా సరుకూ అమ్ముకుని పారిపోయాడని పడవ యజమాని అన్నాడు, ఊరూ అంది. బతికున్నవాడికి కర్మలేమిటని పెద్దలు దినాలు కూడా చేయనివ్వలేదు. ఆమె బొట్టు పెట్టుకుంటే, ఎవరి కోసమని నవ్వేవాళ్ళు. చేపలు ఎండబెట్టే చోట ఆమె చాప పక్కన ఇంకెవరూ చాప పరిచేవాళ్ళు కాదు. దొంగ పెళ్ళాం అని పిల్లలు కూడా అనడం నేను విన్నాను.

ఊరంతటికీ ఆమె ఒక్కతే ఎదురు నిలబడింది. మా ఆయన అలాంటోడు కాదండీ, ఇంటికొస్తా ఎక్కడో మునిగిపోయుంటాడు అనేది. ఏడుపు లేకుండా, వాదన లేకుండా, ఇవాళ గాలి పడమటిదండీ అన్నట్టు చెప్పేది. మేం నావ దిగి రాగానే ప్రతిసారీ ఏమన్నా దొరికిందా మాస్టారండీ అని అడిగేది. ఈమెకు చరిత్ర మీద ఎంత ఆసక్తి అని మురిసిపోయాను. అంత తెలివి నాది.

ప్రొఫెసరు రావడానికి ఇంకా పది పన్నెండు రోజులున్నాయి. ఆయనకు చూపించడానికి ఏదన్నా వస్తువు దొరుకుతుందేమోనని వెళ్ళాం. ఏడుకొండలు రెండు దూలాల మధ్య ఇసుక చేత్తో తవ్వాడు. నాలుగోసారి పైకి వచ్చినప్పుడు అతని చేతిలో ఇత్తడి చెంబుంది. నల్లబడిపోయి ఉంది. తువాలుతో రుద్ది నాకిచ్చాడు.

"అక్షరాలున్నాయండీ," అన్నాడు. ఏడుకొండలుకు చదువు రాదు. "ఏం రాసుందండీ?"

పెళ్ళికి ఇచ్చే సామాను మీద కొట్టువాడు ఉలితో చుక్కలు చుక్కలుగా పేర్లు కొడతాడు కదా, అలా కొట్టిన పేర్లు. మెడ కింద నాంచారమ్మ అని ఉంది. దాని కింద వీరాస్వామి అని ఉంది.

బెల్లం కరిగిపోయింది. అదే నాకు మొదట తట్టింది. అందుకే లోపల ఏమీ లేదు. పడవ నిండా బెల్లం, నీళ్ళు రాగానే కరిగిపోయింది. ఆ మనిషి ఇంటికి వస్తున్నాడు. ఊరు కంటికి కనబడుతుండగా మేట మీదికెక్కి ఉంటాడు. ఇదంతా ఒక్క క్షణంలో తెలిసింది నాకు. ఆ వెంటనే రెండో ఆలోచన వచ్చింది. చెప్పడానికి సిగ్గేస్తోంది, అయినా చెప్పాలి. శాలువా గుర్తొచ్చింది. జేబులో ఉత్తరం గుర్తొచ్చింది. హెడ్మాస్టరు మొహం గుర్తొచ్చింది. ఒక బెల్లం పడవకు డచ్చివాళ్ళ చరిత్ర రాసిన వెధవ అని స్టాఫ్ రూములో ఎలా నవ్వుతారో వినబడింది కూడా.

"వలందుల పేరు," అన్నాను.

"మన అక్షరాల్లాగా గుండ్రంగా ఉన్నాయండీ."

"వాళ్ళవీ గుండ్రంగానే ఉంటాయి."

ఇరవై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి. చదువు రాని మనిషి ముందు అతని భాషనే అతనిది కాదన్నాను. ఏడుకొండలు తల ఊపాడు. నమ్మకపోవడానికి అతనికి కారణమేముంది?

చెంబును తడి తువాల్లో చుట్టి సంచి అడుగున పెట్టాను. ఒడ్డున ఆమె నిలబడి ఉంది. ఏడుకొండలే ముందు, చెంబు దొరికిందత్తా, అచ్చం మన చెంబులాగే ఉంది అనేశాడు. నాంచారమ్మ నా సంచి వైపు చూసింది. అప్పటివరకూ ఆమె నన్నేదీ ఇమ్మని అడగలేదు.

"ఓసారి చూపిస్తారా అండీ?"

"గాలి తగిలితే పాడైపోతుందమ్మా. మద్రాసు పంపి చూపించాలి."

"మా పుట్టింటోళ్ళు పెట్టిన చెంబొకటి ఆయన పడవ మీద ఉండేదండీ. అది గానీ..."

"కాదమ్మా. అది రెండొందల ఏళ్ళ నాటిది. మీ వాళ్ళది కాదు."

"మీరు సరిగ్గా చూశారా మాస్టారండీ?"

"చూశాను. మీ ఆయన పడవకీ దీనికీ ఏ సంబంధం లేదు."

ఆమె చేయి కొంచెం ముందుకు చాచి ఉంది. వెనక్కి తీసుకుంది. చదువుకున్నోరు మీకు తెలుస్తది లెండి అని లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది. నేను తాగాను. గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు కూడా చెప్పి ఉండవచ్చు. పొరపాటుపడ్డాను, మళ్ళీ చూస్తాను అంటే చాలు. అంతకంటే తేలిక సమయం నాకు జీవితంలో మళ్ళీ రాలేదు.

ప్రొఫెసరు వచ్చాడు. నావలో అడుగు పెట్టిన కాసేపటికే వాంతులు మొదలయ్యాయి ఆయనకు. దూరం నుంచే దూలాలను చూసి, అయి ఉండవచ్చు అన్నాడు. అంతే. నాంచారమ్మ పద్నాలుగేళ్ళ ఎదురుచూపును నేను అమ్ముకున్నది ఆ 'అయి ఉండవచ్చు' కోసం.

చెంబు మా అటక ఎక్కింది. మా ఆవిడ దసరాకు సామాను దింపుతూ చూసింది. మంచి చెంబండీ, ఎంత బరువుగా ఉందో అని చింతపండు పెట్టి తోమింది. అక్షరాలు తళతళలాడాయి. నాంచారమ్మ ఎవరండీ అని అడిగింది. పాత సామాన్ల కొట్లో కొన్నానన్నాను. ఆ రోజు నుంచి మా భోజనాల దగ్గర నీళ్ళు ఆ చెంబుతోనే. పేరు నా వైపుకు తిరిగి ఉంటే నేను పక్కకు తిప్పేవాణ్ణి. మా ఆవిడ మళ్ళీ మామూలుగా పెట్టేది. ఏమని చెప్పను? చెబితే ఆవిడ ముందు దొంగనవుతాను. ఆవిడకు చెబితే పాలేనికి చెప్పాలి. పాలేనికి చెబితే పత్రికకు చెప్పాలి. ఒక్క దారం లాగితే అంతా ఊడిపోతుందని తెలుసు. రేపు చెబుదామనుకుంటే ఆ రేపటికి ఇంకో రోజు అబద్ధం కలిసేది. కొత్త పిల్లలు వచ్చేవాళ్ళు, ఓడ కథ చెప్పండి మాస్టారూ అనేవాళ్ళు. చెప్పేవాణ్ణి. నా నోటితో నేనే నా తలుపుకు మేకులు కొట్టుకున్నాను. ఇంకెవరూ కొట్టలేదు.

పాలెం వైపు వెళ్ళడం మానేశాను. ఓపిక తగ్గిందన్నాను.

ఎమర్జెన్సీ రోజుల్లో పరీక్షల డ్యూటీకి నన్ను కంకిపాడు వేశారు. మధ్యాహ్నం పరీక్ష అయ్యాక సంతలోంచి బస్సుకు నడుస్తున్నాను. ఎండు చేపలు అమ్మేవాళ్ళ వరసలో నాంచారమ్మ కనబడింది. నుదుట బొట్టు లేదు. మెడలో పసుపుతాడు లేదు. నాకు కలిగింది ఏమిటో తెలుసా? సంతోషం. హమ్మయ్య అనుకున్నాను. ఊరు ఒప్పుకుంది, కర్మలు చేశారు, ఆయన పోయాడని అందరికీ తెలిసింది, ఇక నేను చెప్పాల్సింది ఏమీ లేదు అనుకున్నాను. విడుదలైపోయినంత తేలిగ్గా ఆమె దగ్గరికి నేనే వెళ్ళాను. కర్మలు చేశారా అమ్మా అని అడిగాను.

ఆమె నన్ను గుర్తుపట్టి నవ్వింది. "ఎవరికండీ? ఆడికా?" అంది. అంతకుముందు ఎప్పుడూ ఆయన అనేది. "ఆడికి కర్మలేంటండీ. ఎక్కడో సుబ్బరంగా బతికే ఉంటాడు."

ఆమే చెప్పింది.

"నాదే తెలివితక్కువతనం మాస్టారండీ. ఆ కొయ్యలు తేలినప్పుడు, ఇది మా ఆయన పడవేనని నా మనసుకి గట్టిగా అనిపించింది. మీరు కొలతలేసి, చెంబు చూసి, కాదన్నారు. అంత చదువుకున్నోరు, మీకు అబద్ధం చెప్పాల్సిన పనేంటి? పద్నాలుగేళ్ళు ఊరు మొత్తం చెప్తే నమ్మలేదండీ నేను. మీరు చెప్పాక నమ్మాను. తాడు తెంపి పొయ్యిలో పడేశా. ఏడవలేదు. చచ్చిపోయినోడికైతే ఏడుస్తారు గానీ."

ఎండు రొయ్యలు రెండు దోసిళ్ళు కాగితంలో కట్టి నా చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు. మీ వల్లే నాకు కళ్ళు తెరుచుకున్నాయండీ అంది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చుట్టూ జనం, బస్సు టైమైంది, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఇవన్నీ నేను ఏళ్ళ తరబడి చెప్పుకున్న సాకులు. అసలు సంగతి ఒక్కటే. ఆమె నన్ను మంచివాడు అనుకుంటోంది. ఆ మాట పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. రొయ్యలు ఇంటికి తెచ్చాను. మా ఆవిడ వంకాయతో వండింది. తిన్నాను. బాగున్నాయి కూడా.

నేను ఆమె భర్త చావును దాచానని అప్పటివరకూ అనుకున్నాను. అది తప్పే, కానీ అక్కడితో ఆగలేదు. ఆమె దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆస్తి ఆ నమ్మకం. ఊరు పద్నాలుగేళ్ళు కష్టపడినా లాక్కోలేకపోయిన దాన్ని నేను మజ్జిగ తాగుతూ లాక్కున్నాను. తనను వదిలేసి పోయాడని, తన దగ్గరికే వస్తూ పోయిన మనిషిని ఆమె తిట్టుకుంటూ బతికింది.

ఆ వారమే చెంబును సంచిలో పెట్టుకుని వెళ్ళి బందరు కాలవలో వదిలేశాను. పాలేనికి తీసుకెళ్ళాలనే ఇంట్లోంచి బయల్దేరాను. నమ్మండి. బస్సు స్టాండు దాకా వెళ్ళలేదు. చెంబు కనబడకపోయేసరికి మా ఆవిడ పనిమనిషిని అనుమానించింది. ఆమె ఒట్టు పెట్టుకుని ఏడ్చింది. మా ఆవిడ మానిపించేసింది. నేను పేపరు చదువుతూ కూర్చున్నాను.

రెండేళ్ళు తిరక్కుండా నాంచారమ్మ జ్వరంతో పోయిందని ఏడుకొండలు మనిషి చేత కబురు పంపాడు. పెద్దాయన కదా, మాస్టారికి చెప్పండి అన్నాడట. ఉప్పెన వచ్చాక ఆ దూలాలు మళ్ళీ ఇసుక కిందికి వెళ్ళిపోయాయి. తవ్వి చూపించడానికి ఇప్పుడు ఏమీ లేదు. నా వ్యాసం మాత్రం ఉంది. మొన్నీమధ్య ఎవరో బందరు చరిత్ర రాస్తూ దాన్ని ఉదహరించారు. నన్ను పెద్దలు అన్నారు.

మీరు క్షమించాలని నేను అడగడం లేదు. క్షమించాల్సిన మనిషికి నేను చేసింది తెలియనే తెలియదు. తెలియకుండానే పోయింది, అది కూడా నేను చేసిందే. నాకు శిక్ష పడింది, నలిగిపోయాను అని చెప్పుకోవాలని ఉంది గానీ అదీ నిజం కాదు. పెన్షను తీసుకున్నాను, మనవలను ఎత్తుకున్నాను, బాగానే తిన్నాను, నిద్రపోయాను.

సాక్ష్యం నా చేతులతోనే పారేశాను కాబట్టి మిగిలింది నా మాటే. అబద్ధాలకోరు మాట అని మీరు అనవచ్చు. అయినా ఎక్కడో ఒకచోట ఇది కాగితం మీద ఉండాలి. ఇన్నేళ్ళకి నేను ఏదీ దిద్దకుండా రాస్తున్న మొదటి ముక్క ఇది.

నాంచారమ్మ భర్త వీరాస్వామి దొంగ కాదు. ఎక్కడికీ పారిపోలేదు. బెల్లం పడవతో ఇంటికి వస్తూ, ఊరి ఎదురుగా మునిగి చనిపోయాడు. ఈ సంగతి నాకు తెలుసు.